జర్మనీలో దూరప్రయాణం రైల్లో: పాలకొల్లు స్టేషన్ అలవాటున్న వాళ్లకి

మొన్న సెలవులకి ఇంటికొస్తే, రాజోలు నుంచి మావయ్య వచ్చాడు. మరదలికి కైజర్స్‌లౌటర్న్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. వీసా అయింది, విమానం టికెట్ తీశారు. మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక రైలెక్కాలంట కదరా. బెర్తు కన్ఫర్మ్ అయ్యిందో లేదో ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది?"

నవ్వొచ్చింది. కానీ మూడేళ్ల క్రితం నేనూ అచ్చం అలాగే అడిగాను. మన వైపు రైలంటే టెన్షన్ అంతా ఎక్కేవరకే. వెయిటింగ్ లిస్టు ఎంతకొచ్చింది, చార్టు పడిందా, చించినాడ వంతెన మీద ఆటో ఇరుక్కుంటే పాలకొల్లులో బండి అందుతుందా... ఒకసారి ఎక్కి బెర్తు కింద బ్యాగు తోసేశాక మనకింక పని లేదు. నరసాపురం ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి హైదరాబాద్‌లో దింపుతుంది. జర్మనీలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎక్కడం చాలా తేలిక. స్టేషన్‌కి గేటు లేదు, చార్టు లేదు, వెయిటింగ్ లిస్టు లేదు. కష్టమంతా మధ్యలో రైలు మారే చోటే. అది కుదిరేలా చూసుకుంటే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది.

మరదలికి కాగితం మీద రాసిచ్చినదాన్నే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను. నేను చదివేది మాగ్డెబుర్గ్‌లో కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడి నుంచే.

1. ఏ టికెట్ ఏ రైలుకి పనికొస్తుందో ముందు తేల్చుకోండి

చిన్నచిన్న ఊళ్లలో ఆగుతూ పోయేవి ఆర్‌బీ, ఆర్ఈ. పెద్ద నగరాల చుట్టూ తిరిగేవి ఎస్-బాన్. ఈ మూడూ లోకల్ రైళ్ల లెక్క. ఐసీఈ, ఐసీ, ఈసీ అనేవి దూరప్రయాణపు రైళ్లు. వీటిలో ఐసీఈ వేగమైనది, కొన్ని లైన్లలో గంటకి 300 కిలోమీటర్లు అందుకుంటుంది.

డాయిచ్‌లాండ్‌టికెట్ అని ఒకటుంది. నెలకింత అని కడితే దేశం మొత్తం మీద లోకల్ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ ఎక్కొచ్చు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. 2025 జనవరిలో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీలు విద్యార్థులకి ఇదే టికెట్‌ను తక్కువ ధరకి సెమిస్టర్ ఫీజులోనే కలిపి ఇస్తాయి. మీ ఫీజు రసీదులో ఆ లైను ఉందో లేదో చూసుకోండి. ఉంటే మళ్లీ విడిగా కొనక్కర్లేదు.

ఇక్కడ మనవాళ్లు రెండు చోట్ల బోల్తా పడతారు. మొదటిది: ఈ టికెట్ ఐసీఈలో, ఐసీలో చెల్లదు. ఎర్రచార తెల్లబండి కనబడగానే ఎక్కేయకండి. టికెట్ లేకుండా దొరికితే కనీసం 60 యూరోల జరిమానా. "కొత్తగా వచ్చానండి" అంటే వదిలేస్తారనుకోవద్దు. రెండోది: యూనివర్సిటీల్లో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. మీరు సెప్టెంబర్ 20న దిగితే ఆ పది రోజులకీ మీ చేతిలో విద్యార్థి టికెట్ (సెమిస్టర్ టికెట్ అంటాం) ఉన్నట్టు కాదు.

లోకల్ రైళ్లతోనే ఎంత దూరమైనా పోవచ్చా అంటే పోవచ్చు. మాగ్డెబుర్గ్ నుంచి మ్యూనిక్ ఐసీఈతో కలిపి నాలుగున్నర, ఐదు గంటల దారి. లోకల్ రైళ్లలో అయితే తొమ్మిది, పది గంటలు, నాలుగైదు చోట్ల మారాలి. నేను రెండుసార్లు వెళ్లాను. సరదాకి ఒకసారి బాగుంటుంది. పెద్ద పెట్టెతో మాత్రం ఆ పని చేయకండి.

2. చౌక టికెట్: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు కొనకూడదు

జర్మనీ ప్రభుత్వ రైల్వే (డీబీ) వాళ్ల డీబీ నావిగేటర్ అనే యాప్ ముందుగా ఫోన్‌లో వేసుకోండి. టికెట్, ప్లాట్‌ఫామ్, ఆలస్యం, అన్నీ అందులోనే. దూరప్రయాణపు టికెట్ ధర విమానం టికెట్ లాగా మారుతూ ఉంటుంది. మూడు రకాల పేర్లు కనబడతాయి. జూపర్ ష్పార్‌ప్రైస్ అన్నిటికంటే చౌక. రద్దు చేసుకుంటే పైసా రాదు. ష్పార్‌ప్రైస్ కొంచెం ఎక్కువ. రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది వోచర్‌గా ఇస్తారు. ఈ రెండూ ఫలానా రైలుకే కట్టేసిన టికెట్లు. అరగంట ముందొచ్చానని ముందు బండి ఎక్కడం కుదరదు. ఫ్లెక్స్‌ప్రైస్ అంటే ఆ రోజు ఆ దారిలో ఏ బండైనా ఎక్కొచ్చు. ముందుగా కొంటే 20 యూరోల చుట్టుపక్కల దొరికిన దూరమే ప్రయాణం రోజున 100 దాటిపోవడం చూశాను. మన తత్కాల్ అక్కడ లేదు. చివరి రోజు కొనడానికి వేరే కోటా ఏదీ ఉండదు, ధరే పెరుగుతుంది.

కాబట్టి క్రిస్మస్‌కి ఎక్కడికి పోవాలన్నా అక్టోబర్‌లోనే కొనేయండి.

కానీ దేశంలో దిగే రోజుకి మాత్రం చౌక టికెట్ వద్దు. మరదలు పట్టుబట్టింది, "బావా, ఇప్పుడే కొంటే సగం ధరకే వస్తోంది కదా" అని. విమానం గంట లేటైనా, పెట్టెలు రావడం ఆలస్యమైనా ఆ రైలు వెళ్లిపోతుంది, టికెట్ అంతటితో సరి. విమానం లేటుకి రైలువాళ్లది బాధ్యత కాదు. కొన్ని ఎయిర్‌లైన్లు విమానం టికెట్‌తో పాటు రైల్ అండ్ ఫ్లై పేరుతో రైలు టికెట్ కూడా కలిపి ఇస్తాయి. బుక్ చేసేటప్పుడే అడగాలి. అది లేకపోతే దిగాక, పెట్టెలు చేతికొచ్చాక కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఆ రోజుకి అదే మంచిది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రైల్వే స్టేషన్లు రెండున్నాయి: దూరప్రయాణానికి ఒకటి, లోకల్‌కి ఒకటి. టికెట్ మీద ఏది రాసుందో చూసి నడవండి.

27 నిండని వాళ్లకి మై బాన్‌కార్డ్ అనే ఏడాది రాయితీ కార్డు తక్కువ ధరకి ఇస్తారు. అందులో బాన్‌కార్డ్ 25 ఉంటే పైన చెప్పిన మూడు రకాల టికెట్ల మీదా పావు వంతు తగ్గుతుంది. ఏడాదికి మూడు నాలుగు పెద్ద ప్రయాణాలు చేస్తే డబ్బులు తిరిగొచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త. అది దానంతటదే రెన్యూ అవుతుంది. కొన్నరోజే రద్దు ఉత్తరం కూడా పెట్టేయండి, ఏడాది పూర్తయ్యేవరకు కార్డు ఎలాగూ పనిచేస్తుంది. "తర్వాత చూద్దాంలే" అనుకుని ఇంకో ఏడాదికి కట్టినవాళ్లు మా హాస్టల్లో నలుగురున్నారు, నాతో కలిపి.

3. మారే చోట టైమ్ కొనుక్కోండి

అసలు సంగతి ఇదే. 2024లో జర్మనీ ప్రభుత్వ రైల్వే దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం. అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కిందే లెక్కపెట్టకుండా. జర్మనీ అంటే గడియారం అనుకుని వెళ్తాం కదా, ఆ భ్రమ మొదటి నెలలోనే పోతుంది.

ఒకే రైల్లో కూర్చుని పది నిమిషాలు లేటుగా దిగితే కొంప మునిగేదేమీ లేదు. దారిలో హాలే అనే ఊళ్లో దిగి మ్యూనిక్ బండి పట్టుకోవాల్సినప్పుడే ఆ పది నిమిషాలు ప్రాణం తీస్తాయి. యాప్ మామూలుగా ఎనిమిది నిమిషాల్లో మారిపోమంటుంది. కాగితం మీద సరిపోతుంది. కానీ 3వ ప్లాట్‌ఫామ్‌లో దిగి, మెట్లు దిగి, సబ్‌వేలో నడిచి, 9వ ప్లాట్‌ఫామ్‌కి మెట్లెక్కాలి. లిఫ్ట్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. చేతిలో 23 కిలోల పెట్టె. ఎనిమిది నిమిషాల్లో నాలుగు అక్కడే పోతాయి.

యాప్‌లో వెతికేటప్పుడు, మారడానికి కనీసం ఎంత టైమ్ కావాలో మనమే పెట్టుకోవచ్చు. చేతి సంచి మాత్రమే ఉంటే 20 నిమిషాలు, పెట్టెలుంటే 40 పెట్టండి. మొత్తం ప్రయాణం అరగంట పెరిగితే పెరగనివ్వండి. రెండు దారులు కనబడితే, ఆరు గంటల్లో ఒక్కసారి మారే దారి, ఐదు గంటల్లో మూడుసార్లు మారే దారి కంటే ఎప్పుడూ మేలు. ఆ రోజుకి అదే ఆఖరి బండి అయితే దాన్ని నమ్ముకోవద్దు. దాని తర్వాత ఇంకో బండి ఉండేలా బయల్దేరండి.

మారే ప్రయాణాల్లో ఇంకో చిక్కుంది, చాలామందికి తెలియదు. డబ్బులు మిగులుతాయని మాగ్డెబుర్గ్ నుంచి హాలే వరకు సెమిస్టర్ టికెట్ మీద లోకల్లో వెళ్లి, హాలే నుంచి మ్యూనిక్‌కి చౌక ఐసీఈ టికెట్ కొన్నారనుకోండి. లోకల్ లేటై ఐసీఈ తప్పిపోతే నష్టం మీదే. రెండూ వేర్వేరు ఒప్పందాల కింద లెక్క. అదే బయల్దేరిన ఊరి నుంచి చేరే ఊరి దాకా ఒకే టికెట్ ఉంటే, తర్వాతి బండి ఎక్కే హక్కు మీకుంటుంది. తేడా ఐదారు యూరోలే అయితే ఒకే టికెట్ కొనండి. లేదంటే మధ్యలో గంట ఖాళీ ఉంచుకోండి.

4. సీటు

టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ కొంటే రైల్లో నిలబడే హక్కొచ్చినట్టు. సీటు కావాలంటే ఐదున్నర యూరోలు ఇంకా కట్టాలి. కట్టకపోయినా ఎక్కి, ఖాళీగా ఉన్నచోట కూర్చోవచ్చు. సీటు పైన చిన్న తెరలో ఏ ఊరి నుంచి ఏ ఊరి వరకు బుక్ అయిందో వస్తుంది. ఏమీ రాకపోతే అది మీదే. "గెగెబెనెన్‌ఫాల్స్ రెజర్వీర్ట్" అని వస్తే, దారిలో ఎవరైనా బుక్ చేసుకుని రావచ్చని అర్థం. వస్తే లేవాలి. సీటు బుక్ చేసుకున్నవాళ్లు బండి కదిలిన 15 నిమిషాల్లో రాకపోతే ఆ సీటు ఇంకొకరు తీసుకోవచ్చు. కాబట్టి మీది బుక్ అయి ఉంటే, ఎక్కగానే మొదట సీటు దగ్గరికే వెళ్లండి, టీ తర్వాత.

శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం, పండగ రోజుల్లో సీటు కొనండి. మంగళవారం మధ్యాహ్నానికి దండగ.

5. సామాను, కాగితాలు, తిండి

సామాను తూకం వేసేవాళ్లెవరూ లేరు. కూలీలు కూడా లేరు. మీరు ఒక్కరే ఒకేసారి మెట్లెక్కించగలిగినంతే మీ సామాను. పాలకొల్లులో నాన్నా, బాబాయీ కలిసి ఎత్తిన పెట్టెని అక్కడ మీరొక్కరే ఎత్తాలి. ఇంట్లోనే డాబా మెట్ల మీద ఒకసారి ఎత్తి చూడండి. నేను అబద్ధం చెప్పను, మా అమ్మ సర్దిన పెట్టెలో అప్పుడు మూడు కిలోలు తీసేశాం. తీసినవాటిలో కోడి పచ్చడి కూడా ఉంది. మంచిదే అయింది. బయటి దేశాల నుంచి ఐరోపా యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు మనం వెంట తీసుకెళ్లకూడదు. ఆవకాయకి ఆ గొడవ లేదు. సీసా చుట్టూ రెండు కవర్లు కట్టండి, నూనె కారితే సర్టిఫికెట్ల గతి అంతే.

పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువి వెంట ఉండాలి, ప్రాగ్‌కో పారిస్‌కో సరిహద్దు దాటుతుంటే మరీనూ. షెంగెన్‌లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల్లో) ఎవరూ అడగరన్న మాట పాతది. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. రైల్లోనే పోలీసులొచ్చి అడుగుతారు.

తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. కిటికీ దగ్గరికొచ్చి "టీ, కాఫీ" అనేవాళ్లూ, పెసరట్లు అమ్మేవాళ్లూ ఉండరు. ఐసీఈలో చిన్న హోటల్ బోగీ ఉంటుంది గానీ ధర చూస్తే ఆకలి పోతుంది. పులిహోర కట్టుకెళ్లండి, వాసన పెద్దగా రాదు. ఆదివారం ఊళ్లో షాపులన్నీ మూసేస్తారు, కానీ పెద్ద స్టేషన్లలో తెరిచే ఉంటాయి. స్టేషన్‌లో టాయిలెట్‌కి డబ్బులు కట్టాలి, రైల్లో ఉచితం. దిగేముందే ఆ పని చూసుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా పారేయకండి. సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే పావు యూరో వస్తుంది.

6. ప్లాట్‌ఫామ్ మీద

గ్లైస్ అంటే ప్లాట్‌ఫామ్ నంబరు. ప్లాట్‌ఫామ్‌ని పొడుగునా ఏ, బీ, సీ అని భాగాలు చేసి బోర్డులు పెడతారు. మీరెక్కాల్సిన రైలు పెట్టె (బోగీ) ఏ భాగంలో ఆగుతుందో యాప్‌లో కనబడుతుంది. అక్కడికెళ్లి నిలబడండి, బండి చాలాచోట్ల రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. కొన్నిసార్లు బోగీల వరుస తిరగబడి వస్తుంది. అప్పుడు జనం అంతా ఒకేసారి ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెడతారు. వాళ్లతో పాటు మీరూ పరిగెత్తండి, కారణం తర్వాత అడగొచ్చు.

ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫామ్ మార్చేస్తారు కూడా. అనౌన్స్‌మెంట్‌లో నాలుగు మాటలు చెవిన పడితే చాలు: "ఫెర్‌ష్పేటుంగ్" అంటే ఆలస్యం. "ఫెల్ట్ ఆవుస్" అంటే రద్దు. "హోయ్‌టె ఫోన్ గ్లైస్" అంటే ఇవాళ ఫలానా ప్లాట్‌ఫామ్ నుంచి. "ఎర్‌జాట్స్‌ఫెర్‌కేర్" అంటే రైలు బదులు బస్సు.

7. రెండు ముక్కలయ్యే రైలు

ఇది నా అనుభవం, తప్పు పూర్తిగా నాదే. ఎస్సెన్‌లో ఉన్న స్నేహితుడి దగ్గరికి బయల్దేరి హానోవర్‌లో ఐసీఈ ఎక్కాను. బెర్లిన్ నుంచి వచ్చే ఆ బండి రెండు రైళ్లు కలిపి కట్టింది. హమ్ అనే స్టేషన్‌లో విడిపోయి ఒకటి డార్ట్‌మండ్, ఎస్సెన్ మీదుగా, రెండోది హాగెన్, వుప్పర్‌టాల్ మీదుగా పోతాయి. నాకది తెలియదు. ఖాళీ సీటు కనబడిన పెట్టెలో కూలబడ్డాను. టికెట్ చూసే ఆవిడ వచ్చి, నా టికెట్ చూసి, జర్మన్‌లో గబగబా ఏదో చెప్పి చేత్తో ముందుకి చూపించింది. మనకి దేనికైనా "ఆయ్" అనడం అలవాటు కదా, అక్కడ "యా, యా" అన్నాను. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. నేను నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి వుప్పర్‌టాల్. దిగి బయటికొస్తే నెత్తి మీద పట్టాలకి వేలాడుతూ ట్రాము లాంటిది పోతోంది. 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలట. ఎస్సెన్ చేరడానికి ఎస్-9 లోకల్ దొరికింది, సెమిస్టర్ టికెట్ ఉంది కాబట్టి డబ్బులు పోలేదు. గంటన్నర పోయింది, స్నేహితుడి వెటకారం ఇప్పటికీ పోలేదు.

కలిపి కట్టిన రెండు ఐసీఈల మధ్య లోపల నుంచి నడిచే దారి ఉండదు. కాబట్టి ఎక్కే ముందే పెట్టె తలుపు పక్కనున్న తెర మీద మీరు దిగే ఊరు పేరుందా అని చూడండి. బండి పేరు ఒకటే అయినా ప్రతి పెట్టెకీ ఆ తెర చూడాలి. ఎవరైనా ఏదైనా చెబితే, అర్థం కాకపోతే, "యా" అనకండి. టికెట్ చూపించి వేలితో ఊరి పేరు మీద కొట్టండి.

8. లోపల కూర్చున్నాక

యాప్‌లో కోమ్‌ఫర్ట్ చెక్-ఇన్ నొక్కితే టికెట్ చూపించమని ఎవరూ నిద్ర లేపరు. ఎక్కే ముందు రూహెబెరైష్ అనే బొమ్మ చూసుకోండి. అది నిశ్శబ్దంగా ఉండాల్సిన పెట్టె. నేనొకసారి అక్కడే కూర్చుని అమ్మ ఫోన్ ఎత్తాను. మా అమ్మది కాలవ అవతలి గట్టున ఉన్నవాళ్లని పిలిచే గొంతు. స్పీకర్ వేయకపోయినా పెట్టె అంతటికీ వినబడింది: "ఏరా, తిన్నావా?" ఎదురుసీటు ముసలావిడ ఒక్క మాట అనలేదు. గోడ మీది బొమ్మని చూసింది, నన్ను చూసింది, మళ్లీ బొమ్మని చూసింది. ఫోన్ పట్టుకుని రెండు పెట్టెల మధ్యకి వెళ్లి మాట్లాడండి.

కిటికీ పక్కన కూర్చుంటే కొలోన్ దగ్గర రైన్ నది వస్తుంది, దాని మీద హోహెన్‌జోలర్న్ వంతెన. పొడవు 409 మీటర్లు. రాజమండ్రిలో గోదావరి దాటుతూ, రూపాయి బిళ్ల వేసి, దండం పెట్టి, ఇంకా అవతలి గట్టు రాలేదనుకునే వాళ్లకి ఇది ఏ మూలకీ రాదు. నేను ఫోన్ తీసేలోపే అయిపోయింది.

9. లేటైతే ఏం చేయాలి

ముందు యాప్ చూడండి. గమ్యానికి 20 నిమిషాలో ఆపైనో ఆలస్యంగా చేరతారని తెలిస్తే, ఆ రైలుకే కట్టేసిన చౌక టికెట్ మీద ముడి ఊడిపోతుంది. వేరే దూరప్రయాణపు బండి ఎక్కొచ్చు. యాప్‌లోనే ఆ మాట వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. రాత్రి ఆఖరి బండి పోతే సొంత డబ్బుతో టాక్సీ ఎక్కేయకుండా స్టేషన్‌లో సమాచార కౌంటర్‌కి వెళ్లి అడగండి. కొన్ని పరిస్థితుల్లో టాక్సీకో హోటల్‌కో వాళ్లే ఏర్పాటు చేయాలి. కౌంటర్ మూసేసి ఉంటే రసీదు దాచుకోండి. చలిలో ఒంటరిగా చిక్కుకుపోతే చాలా పెద్ద స్టేషన్లలో బాన్‌హోఫ్స్‌మిసియోన్ అనే సేవా కేంద్రం ఉంటుంది. కూర్చోబెట్టి టీ ఇస్తారు.

గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగిస్తారు. యాప్‌లోనే అడగొచ్చు. మూడు నెలల లోపు అడగాలి. లెక్క 4 యూరోల కంటే తక్కువ వస్తే ఇవ్వరు. అందుకే 12 యూరోల టికెట్ మీద గంట లేటైతే ఫారం నింపి లాభం లేదు.

ఇదంతా చదివి వినిపిస్తుంటే మరదలు నోట్సు రాసుకుంటోంది. మావయ్య మాత్రం ఇక్కడ ఆపాడు.

"ఆగరా. రైలు లేటైతే వాళ్లే మనకి డబ్బులిస్తారా?"

"ఇస్తారు మావయ్యా."

"గంటకి పావలా వంతు?"

"అవును."

ఆయన కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. "ఆ లెక్కన నాకు ఈ యాభై ఏళ్లలో రావాల్సిన దాంతో రెండెకరాల రొయ్యల చెరువు కొనొచ్చురా!"